పుదుచ్చేరికి నాతో వచ్చిన గోండ్రుకప్ప

పుదుచ్చేరి చూడాలని నాకు కోరిక పుట్టింది సముద్రం కోసం కాదు, దొరల మేడల కోసం కాదు. ఒక కర్ర కోసం. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఆ ఊళ్లో కచేరీ పనులకు మీటరు అనే కొలకర్ర వాడతారని, దాన్ని పదిగాను, నూరుగాను, వెయ్యిగాను పంచుకుంటూ పోవచ్చునని విన్నాను. నేను బడికి పోయి లెక్కలు నేర్చినవాణ్ణి కాను. చిల్లర అంగట్లో తూకాలు చూస్తూ కాలు, పరక, వీసం అనే వంతులు నేర్చుకున్నాను. పొలాలు కొలిచేవాళ్ల వెంట తిరిగి మిగతాది పట్టుకున్నాను. నలభై దాటినా వీసాల్లో వీసాలు తీయాల్సి వస్తే ఇప్పటికీ నా చేతివేళ్లు చాలవు. అంతా పదుల మీదే నడిచే కొలత ఒకటి ఉందంటే దాన్ని కళ్లారా చూడకుండా ఎట్లా ఉండేది?

చూశాను. చేత్తో పట్టుకున్నాను కూడా. అయితే దానితో కొలిచింది పొలాన్ని కాదు, కప్పల్ని. పుదుచ్చేరి పోనివాళ్లకు ఆ ఊరి సంగతులు చెబుతూ ఈ కప్పల సంగతి దాచిపెడితే, ఆ ఊరు నాకు చేసిన మేలును దాచిపెట్టినట్టే అవుతుంది.

బుట్ట కదిలింది

మాకు దూరపు చుట్టం గోవిందస్వామి పుదుచ్చేరిలో నేతమిల్లులో పనిచేస్తాడు. వాళ్లు తాతముత్తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదవలేరు. మా నెల్లూరులో ఒక పెళ్లిలో కలిసినప్పుడు, "మా ఊరికి రా అన్నా, నీకు మీటరు చూపిస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకుని బయల్దేరాను.

ఉత్త చేతులతో పోకూడదని మా తోటలోని తమలపాకులు ఒక బుట్ట నిండా సర్దాను. అడుగున అరటిదొప్పలు, పైన తడిగుడ్డ. మద్రాసులో రైలు మారినప్పుడు గుడ్డ మీద మళ్లీ నీళ్లు చల్లాను. విల్లుపురంలో ఎక్కిన చిన్న రైలులో నా ఎదురుగా పూలగంపతో ఒక ముసలామె కూర్చుంది. కాసేపు నా బుట్ట వంక తేరిపారజూసి అడిగింది.

"ఏమయ్యా, మీ ఊరి ఆకు ఊపిరి కూడా తీసుకుంటాదా?"

చూస్తే తడిగుడ్డ నిజంగానే లేస్తోంది, దిగుతోంది. పామయితే? నడిచే బండిలో విప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె మాత్రం గంప దూరంగా జరుపుకుని, దిగేదాకా నవ్వుతూనే ఉంది.

పుదుచ్చేరి స్టేషనులో ఎర్ర టోపీ సిపాయి ఒకడు నా నడక చూసే అనుమానపడ్డాడు. బుట్టను అంత దూరంగా చేయిచాపి పట్టుకుని నడిచే మనిషిని ఎవరైనా ఆపుతారు. విప్పమన్నాడు. విప్పాను. ఆకుల మధ్య, మెత్తటి పరుపు మీద జమీందారులా ఒక గోండ్రుకప్ప కూర్చుని ఉంది. ఒళ్లంతా గరుకు పొక్కులు, కళ్ల మీద నల్లని గట్లు. మమ్మల్ని చూసి ఒకసారి రెప్ప వేసింది.

సిపాయి అరవంలో ఏదో అన్నాడు. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన గోవిందస్వామి పగలబడి నవ్వాడు.

"దీనికి సుంకం లేదంట అన్నా. ఈడ దిగినాక ఇది కూడా ఫ్రెంచి పెజే అంట."

స్టేషను బయట నేల పెనంలా కాలుతోంది. అంత దూరం నా ఆకుల్లో నమ్మకంగా కూర్చుని వచ్చిన ప్రాణిని ఆ ఎండలో వదలడానికి మనసు రాలేదు. ఇంటికే తీసుకుపోయి, పెరట్లో నీళ్ల తొట్టి పక్కన నీడలో విడిచిపెట్టాను. అది తొట్టి కిందికి దూరి కనబడకుండా పోయింది. మంచిపని చేశాననుకున్నాను.

నిలువు గీతలు, అడ్డ గీతలు

లెక్కల మనిషికి పుదుచ్చేరి వీధులంత ముద్దొచ్చేవి ఇంకెక్కడా ఉండవు. ఎవరో పలక మీద గీతబద్ద పెట్టి గీసినట్టు నిలువు వీధులు, అడ్డ వీధులు. మా ఊళ్లో వీధి మనిషి నడిచిన దారిని బట్టి వంకరపోతుంది. ఇక్కడ మనిషే వీధిని బట్టి మలుపు తిరుగుతాడు. ఊరి నడుమ ఒక కాలువ. దానికి సముద్రం వైపు దొరల తెల్ల మేడలు, ఇవతల వైపు మన జనం. కాలువ దాటితే వీధుల పేర్లే కాదు, వాసన కూడా మారుతుంది. అవతల పొయ్యిలో కాలే రొట్టె, ఇవతల చేపల పులుసు.

ఆ రొట్టె నేనూ తిన్నాను. పైన చెక్కలా గట్టిగా ఉండి, లోపల దూదిలా ఉంటుంది. కాఫీలో ముంచి తినాలని తెలియక మొదటిరోజు ఉత్తదే కొరికి చిగురు గాయం చేసుకున్నాను. డబ్బు లెక్క కూడా వేరే. రూపాయికి ఎనిమిది పణాలు. పదహారు అణాలకు అలవాటుపడ్డ నాకు ప్రతి అంగడి దగ్గర సగం చేసుకోవడం సరదాగా ఉండేది. ఒక అంగడి ఆసామి నా పెదవుల కదలిక చూసి, "ఏంది సామీ, మంత్రమా?" అని అడిగాడు.

గోవిందస్వామి ఇంట్లో అతని తల్లి, భార్య రాజమ్మ, తొలిచూలు మగబిడ్డ ఉన్నారు. తల్లిని అందరూ అవ్వ అనేవారు, నేనూ అట్లాగే పిలిచాను. నా ఆకులు ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసి, "ఈనె లేత. మంచి ఆకు" అని ఆమె మెచ్చుకున్నప్పుడు నా ప్రయాణం బడలిక తీరిపోయింది.

బిడ్డ మాత్రం నన్ను కలవరపెట్టాడు. అయిదో నెలట. చూస్తే మూడో నెల అని కూడా అనలేరు. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం ఉబ్బు. ఏడుపు కూడా పూర్తిగా ఏడవడు, సగంలో ఆపి అలసిపోతాడు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు గనక వచ్చిన చుట్టాన్ని నేనూ ఎత్తలేదు.

తేరె పడింది

మర్నాడు దీపాలు పెట్టే వేళకు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాను. లోపల అవ్వ కేక పెట్టింది.

"అయ్యో, బిడ్డ మింద తేరె పడిందే!"

మా వైపు తేరు అంటే రథం. నేను ఎగిరి లోపలికి పరుగెత్తాను. బిడ్డ చాప మీద ఉన్నాడు. రక్తం లేదు, దెబ్బ లేదు. నేను గోడల వంక, పైకప్పు వంక చూస్తున్నాను.

"ఏ తేరు అవ్వా? ఎక్కడి తేరు? దేవుడి తేరు ఇంట్లోకి ఎట్లా వచ్చింది?"

రాజమ్మ కంట నీళ్లతోనే నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ తేరు కాదన్నా. తేరె. గోండ్రుకప్పని అరవంలో అట్లంటారు. అది గెంతి బిడ్డ కడుపు మింద పడింది."

అవ్వ నవ్వలేదు. తేరె పడిన బిడ్డ చిక్కి శల్యమైపోతాడని ఆ వైపు ఒక నమ్మకం. తేరె వాసన చూసిన కొబ్బరికాయలో కొబ్బరే ఉండదని కూడా అంటారు. అవ్వ బిడ్డను ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది. కోపంగా కాదు, బాధగా.

"నాయనా, మా ఇంటి తేరెలు మా ఇంటి బిడ్డ మింద పడవు. ఇన్నేళ్లలో ఒక్కటీ పడలేదు. ఇది నీతో వచ్చిందే. పొరుగూరిది, దానికి మా బిడ్డ తెలీదు. దాన్ని పట్టి ఊరి పొలిమేర దాటించాల. అది పొలిమేర దాటేదాకా బిడ్డ గడప దాటకూడదు. మందూ మాకూ ఒంటికి పట్టవు."

"బిడ్డ ముందు నుంచే చిక్కినాడు గదమ్మా. రేపు డాక్టరు దగ్గరికి తీసుకపోదామనుకున్నా," అన్నాడు గోవిందస్వామి.

"యాడికీ పోయేది లేదు. ముందు తేరె."

తల్లి మాట దాటే మనిషి కాదు అతను. ఇక పని నా మీద పడింది. దీపం పట్టుకుని పెరట్లోకి పోయాను. తొట్టి చుట్టూ, తులసికోట వెనక, కట్టెల కింద, ఎక్కడ చూసినా గోండ్రుకప్పలే. పురుగులు దీపం దగ్గరికి వస్తే, కప్పలు పురుగుల దగ్గరికి వచ్చాయి. అన్నీ అదే కూర్చోవడం, అదే రెప్ప వేయడం. నాతో వచ్చింది ఏది? దానికి ఏదైనా గుర్తు ఉందా అంటే, స్టేషనులో నేను చూసింది దాని గీరనే తప్ప ఒళ్లు కాదు.

రాజమ్మ నా వెనకే వచ్చి మెల్లగా అంది. "అన్నా, ఏదో ఒకదాన్ని పట్టి ఇదే అని చెప్పన్నా. నీ కాళ్లు మొక్కుతా. బిడ్డని డాక్టరు చూడాల."

ఆమె అడిగింది చాలా చిన్న అబద్ధం. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఒకదాన్ని పంపేశాక మళ్లీ ఇంకొకటి బిడ్డ దగ్గరికి గెంతితే? పెరడు నిండా అవే ఉన్నాయి. అప్పుడు అవ్వ ఏ మాట నమ్ముతుంది?

"ఒక్క పూట ఆగమ్మా. ముందు ఏది నాదో తెలుసుకోనీ," అన్నాను.

సీసాల్లో కప్పలు

నాకు మీటరు చూపిస్తానని గోవిందస్వామి మాటిచ్చింది కాలువ అవతల ఉన్న అంతోణి డాక్టరు గారి ఇంట్లోనే. ఆయన అరవ కిరస్తానీ. వాళ్లమ్మ తెలుగుది గనక తెలుగు వచ్చు. రోగులు లేని వేళల్లో కప్పల్ని, తొండల్ని సారాయిలో భద్రపరచడం ఆయన ముచ్చట. కదిర్కామం చెరువుల నుంచి బాహూరు ఏరి అనే పెద్ద చెరువు దాకా ఆయన వెతకని గట్టు లేదని ఊళ్లో చెప్పుకుని నవ్వుతారు.

పొద్దున్నే బుట్ట నిండా కప్పలతో పోయాను. తమలపాకుల బుట్టే. నా సంగతి అంతా విని ఆయన బల్ల మీద ఒక పసుపుపచ్చని కర్ర పెట్టాడు. అదీ మీటరు. సన్నని గీతలు వెయ్యి, ఒక్కటీ పక్కదానితో తగువు పడకుండా. నేను దాన్ని కళ్లకద్దుకున్నాను.

"నీ కప్పని నువ్వే వెతుక్కో. కొలువు," అన్నాడు.

ముందు నేను వాటిని చూపుతో మూడు జాతులుగా విడదీశాను. ఇటుక రంగువి ఒకటి, బూడిద రంగువి ఒకటి, గొంతు కింద పసుపు ఉన్న చిన్నవి ఒకటి. నాది బూడిద జాతి అని నా నమ్మకం. డాక్టరు గారు తల ఊపి కొలిచే పద్ధతి చెప్పాడు. మూతి కొన నుంచి వెనకదాకా పొడుగు. తల వెడల్పు. చెవి వెనక ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి దిండు పొడుగు. ఆ దిండు నొక్కితే పాలలాంటి విషం ఊరుతుంది, కరిచిన కుక్క నురగ కక్కుతుంది. వెనక కాలివేళ్ల నడుమ తోలు ఎంతవరకు ఉందో చూడాలి. నీటికప్పకు అది కొసదాకా ఉంటుంది, దీనికి సగం వరకే. దీనికి పళ్లు లేవు. చర్మం పొడిగా ఉంటుంది. ప్రతి పొక్కు కొన మీద నల్ల చుక్క. నూరేళ్ల కిందటే యూరపులో ఒక పండితుడు ఆ చుక్కల్ని చూసే దీనికి లాటినులో నల్లచుక్కలది అని పేరు పెట్టాడట.

తల వెడల్పును పొడుగుతో పోల్చి, ఒక్కొక్కదానికి ఎన్నో వంతు వస్తుందో తీశాను. నా మూడు జాతులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇటుక రంగుది బూడిద రంగుదానితో సరిపోయింది. పసుపు గొంతువి వేరే జాతి కావు, వానకాలంలో ఆడదాన్ని పిలిచే మగవట. ఎక్కడా గీత గీసి ఇటు ఒకటి, అటు ఒకటి అనడానికి సందు దొరకలేదు.

అప్పుడు డాక్టరు గారు బీరువా తెరిచాడు. సీసాలు. ఓడల్లో పనిచేసే స్నేహితులు తెచ్చి ఇచ్చినవి. సింహళం, బర్మా, సైగాను, జావా. ప్రతి సీసాలోనూ నా బుట్టలో కూర్చున్న జమీందారే కూర్చుని ఉన్నాడు. అదే నల్లని గట్టు, అదే చుక్క.

"ఇన్ని దేశాలు ఇది ఎట్లా పోయిందండీ?" అని అడిగాను.

"కొంత తనే గెంతింది. వానకాలంలో ఎక్కడ గుంట దొరికితే అక్కడ నల్లపూసల దండలాగ గుడ్లు పెడతాది, ఇంక ఊరంతా దాని పిల్లలే. కొంత బియ్యం బస్తాల్లో, మొక్కల కుండీల్లో." ఆయన నా బుట్టను వేలితో తట్టాడు. "ఇట్లాంటి ఓడలెక్కి."

"అయితే నాది ఏదో చెప్పలేమా?"

"నువ్వు మీటరు తెచ్చినా చెప్పలేవు. నేను భూతద్దం తెచ్చినా చెప్పలేను. అంతా ఒకే జాతి." తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "ఆ బిడ్డని మాత్రం తొందరగా తీసుకు రా."

ఒకే జాతి

తిరిగి వచ్చేటప్పుడు కాలువ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. తెలియదు అని చెప్పడం లెక్కలవాడికి కష్టం. అవ్వ నన్ను ఇంట్లోంచి పొమ్మంటే పోవచ్చు. కానీ బిడ్డ అక్కడే ఉండిపోతాడే?

అవ్వ వాకిట్లో ఎదురుచూస్తోంది. బుట్ట కింద పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొలిచాను, పోల్చాను, నాది ఏదో తేల్చలేకపోయాను, సింహళం నుంచి చీనా పక్క దాకా ఇదంతా ఒకే జాతి అన్నాను. రాజమ్మ మొహం వాడిపోయింది.

అవ్వ బుట్టలోకి తొంగిచూసింది. ఒక్కొక్కదాన్నీ చూసింది, నా ఆకుల్ని చూసినట్టే.

"అంతా ఒకే జాతా?"

"అవునవ్వా."

"నెల్లూరుదీ మాదీ?"

"అవును."

"కొలిచినోడివి నీకే తెలీలేదా ఏది పొరుగూరిదో?"

"తెలీలేదవ్వా."

అవ్వ బుట్ట మీద గుడ్డ కప్పింది. తరువాత తనలో తను అనుకుంటున్నట్టు అంది. "కర్ర పెట్టి కొలిచినోడికే ఇంటిదేదో, పొరుగుదేదో తెలీకపోతే, ఆ తెలివిలేని తేరెకి మాత్రం ఏం తెలుస్తాది, ఇది మనోళ్ల బిడ్డ, ఇది పరాయోళ్ల బిడ్డ అని? అది పురుగు కోసం గెంతింది. అడ్డంగా మన పిల్లోడు ఉండాడు. అంతే." లేచి నిలబడింది. "రాజమ్మా, బిడ్డకి గుడ్డ చుట్టు. గోవిందూ, బండి పిలువు."

పుష్‌పుష్ బండి

అక్కడ పుష్‌పుష్ అనే బండి ఉంది. కూర్చున్నవాళ్లను వెనక నుంచి మనిషి తోస్తాడు. రాజమ్మ, బిడ్డ, అవ్వ అందులో కూర్చుంటే గోవిందస్వామీ నేనూ పక్కన నడిచాం. బండివాడు అవ్వతో, "యాడికి పెద్దమ్మా, పెళ్లికా?" అన్నాడు. "ఆమా, నీ పెళ్లికే. నోరు మూసుకుని తొయ్యి," అంది అవ్వ. ఆమెకు నోరు తిరిగి వచ్చిందని అందరికీ ధైర్యం వచ్చింది.

డాక్టరు గారు బిడ్డను చూసి, తల్లి వైపు తిరిగాడు. "నువ్వేం తింటావమ్మా?"

రాజమ్మ అవ్వ వంక చూసింది. బాలింత పత్యం. పాత బియ్యపు అన్నం, కరివేపాకు పొడి, వెల్లుల్లి. పప్పు వద్దు, చేప వద్దు, నీళ్లు కూడా నోరు తడిసేటంత. అయిదో నెలలోనూ అదే. తల్లికే తిండి లేకపోతే పాలు ఎక్కడివి?

"నేను తొమ్మిదిమందిని ఈ పత్యంతోనే కన్నా," అంది అవ్వ.

డాక్టరు గారు మెత్తగానే అడిగాడు. "ఎంతమంది మిగిలినారమ్మా?"

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "ముగ్గురు."

ఆ లెక్క ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు.

ఇంటికి వచ్చే దారిలో అవ్వే బండి ఆపించి చేపలు బేరమాడింది. బేరంలో ఎవరినీ వదలని మనిషి ఆ పూట అడిగినంత ఇచ్చేసింది. సాయంత్రం కోడలి కంచంలో పులుసు తనే వడ్డించి, "తిను. చాలు అంటే ఊరుకోను," అని ఎదురుగా కూర్చుంది. బిడ్డకు కాచి చల్లార్చిన మేకపాలు గుడ్డవత్తితో పట్టడం డాక్టరు గారు నేర్పాడు. ఆ పని గోవిందస్వామి తన వంతు చేసుకున్నాడు.

తిరుగు దారి

నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ రోజులు అక్కడే ఉండిపోయాను. ఎవరూ పొమ్మనలేదు, నాకూ పోబుద్ధి కాలేదు. బిడ్డ ఏడుపు పూర్తిగా ఏడవడం మొదలుపెట్టాడు. అంత మంచి చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

బయల్దేరే ముందు సాయంత్రం పెరటి గడప మీద దీపం పెట్టారు. తొట్టి కింద నుంచి ఒక గోండ్రుకప్ప నింపాదిగా వచ్చి వెలుగులో కూర్చుంది. నా చేయి నాకు తెలియకుండానే బిడ్డకు అడ్డం పోయింది. అవ్వ మాత్రం బిడ్డను ఎత్తి వేలితో చూపించింది.

"అదో చూడు, ఎవురొచ్చినారో. నెల్లూరు మామ వచ్చినాడు."

"అవ్వా, అది నాతో వచ్చిందేనా?" అన్నాను.

"నాకేం తెలుసు నాయనా. మాకు ఈ పెరట్లో ఉండేటివన్నీ నెల్లూరు మామలే ఇంక."

బిడ్డ దాని వంక చూశాడు. అది రెప్ప వేసింది. వాడు నవ్వాడు. పళ్లు లేని నోరు, దానికీ లేవు.

సరిహద్దు దాటేటప్పుడు మన వైపు సుంకంవాళ్లు పెట్టెలన్నీ కుమ్మరించి చూస్తారు. నా బుట్టలో అవ్వ కట్టిచ్చిన వేయించిన చేపలు, రెండు గట్టి రొట్టెలు, డాక్టరు గారు ఇచ్చిన ఒక విరిగిన మీటరు ముక్క. ఇంకేమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. గుడ్డ ఎత్తి ఇంకోసారి నేనే చూసుకున్నాను. లేకపోయినందుకు కొంచెం దిగులేసింది.

ఇప్పుడు మా ఇంటి వాకిట్లో పొద్దుగూకితే గోండ్రుకప్పలు వస్తాయి. మునుపు చీపురుతో నెట్టేసేవాణ్ణి. ఇప్పుడు వాటిలో ఒకటి దీపం దగ్గరికి వచ్చి కూర్చుంటే ఆకు నములుతూ పక్కన కూర్చుంటాను. ఇది ఏ ఊరిదో నాకు తెలియదు, మీటరుకూ తెలియదు. అందుకే అన్నిటినీ అదే మాట అడుగుతాను, బిడ్డ ఎట్లా ఉన్నాడని.